వెలుతురు దూరని బద్ద

మేస్త్రి ఆ ఫ్రేమును బల్ల మీద బోర్లించి, ఒక కొసన బొటనవేలితో నొక్కాడు. రెండో కొస లేచింది. టక్. వేలు తీశాడు. టక్.

"వినపడిందా?" అన్నాడు ఎవరివైపూ చూడకుండా.

వినపడకేం. ఆ చప్పుడు కోసమే అన్నట్టు షెడ్డులో గ్రైండరు ఆగి ఉంది. ఫోనులో ఎవరితోనో బేరమాడుతున్న బాబాయి కూడా ఫోను చెవికి దూరంగా జరిపాడు. టేపమ్మ ముఖం మీది నల్లద్దం ముసుగు పైకి నెట్టి, తన ఫ్రేము తన పరువును టకటకలాడిస్తుంటే నిలబడి చూసింది.

టేపమ్మ అన్నది మేస్త్రి పెట్టిన పేరు. నడుముకి ఎప్పుడూ కొలత టేపు వేలాడేసుకుని తిరుగుతుందని. శిక్షణ బడిలో ఆమెకి వెల్డింగు సర్టిఫికెట్ ఇచ్చారు, షెడ్డులో ఈ పేరు ఇచ్చారు. రెంటిలో ఏది ఎక్కువ పనికొచ్చిందో ఇంకా తేలలేదు.

"నేల మీద చేస్తే ఇంతే," అన్నాడు మేస్త్రి. తిట్టినట్టు కాదు, జాలిపడినట్టు. తిట్టినా బాగుండేది.

"ఉన్నది ఒకటే బల్ల కదండీ. అది మీది."

"మరి? ఇద్దరం చెరోవైపు కూర్చుని కబుర్లు చెప్పుకుందామా?"

బాబాయి ఫోను జేబులో వేసుకుని దగ్గరికొచ్చాడు. తన వేలితో కూడా ఒకసారి నొక్కి చూసుకున్నాడు. టక్. షెడ్డు ఆయనది, అన్నగారి కూతురు కాబట్టి ఆమె తప్పులు కూడా ఆయనవే అన్నట్టు నిట్టూర్చాడు.

"చూడమ్మా. చేపల కొట్టాయన వరసపెట్టి స్టాండులు చేయించుకుంటానంటున్నాడు. దాని మీద పెట్టేది గాజు తొట్టి. స్టాండు ఇలా ఎగుడుదిగుడుగా ఉంటే, నీళ్ళు నింపాక ఠప్పున పగులుద్ది. ఇల్లంతా చేపలే. ఇందులో మనకి ప్రయోగాలొద్దు. సోమవారం నుంచి నువ్వు పెయింటు చూసుకో."

"పెయింటా?"

"నీ చెయ్యి శుభ్రం. కారకుండా వేస్తావ్."

అది మెచ్చుకోలని బాబాయి నిజంగానే అనుకుంటున్నాడు. చిక్కంతా అక్కడే. బ్రష్షు పట్టిన చేతికి మళ్ళీ వెల్డింగు హోల్డరు ఇచ్చినవాళ్ళని టేపమ్మ ఈ వీధిలో ఇంతవరకూ చూడలేదు. పక్క షెడ్డులో ఒకావిడ 'ఈ వారానికి' అని పెయింటుకెళ్ళింది. ఆవిడ గోళ్ళలో ఇప్పుడు అన్ని రంగులూ ఉన్నాయి, నిప్పురవ్వ మచ్చ ఒక్కటీ లేదు.

"సోమవారం దాకా టైముంది కదా బాబాయ్," అంది. "ఇంటి దగ్గర నేనే ఒక బల్ల కట్టుకుంటా. దాని మీద ఒక స్టాండు చేసి పట్టుకొస్తా. అది ఆడిందనుకో, బ్రష్షు నేనే కొనుక్కుంటా."

"బల్ల కడతావా? దేంతో? నాయనమ్మ మంచంతోనా?"

"ఇనుముతో. మన వ్యాపారం అదే కదా."

బాబాయి నవ్వేశాడు. నవ్వితే ఒప్పుకున్నట్టే. మేస్త్రి నవ్వలేదు. ఆమె ఫ్రేమును బల్ల మీదికి లాగి, క్లాంపులతో బిగించి, ఒక అతుకు కోసి మళ్ళీ వేయడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఆ ఫ్రేము బల్ల మీద కిక్కురుమనకుండా కూర్చుంది, బడిలో దెబ్బతిన్న పిల్లలా.

ఆయన ముసుగు తీశాక ఆమె అడిగింది. "మేస్త్రిగారూ, మీ బద్ద రెండ్రోజులు ఇస్తారా? ప్లేటు ఏరుకోవాలి."

ఆ బద్ద గోడకి గుడ్డ చుట్టుకుని వేలాడుతుంటుంది. చెయ్యి పొడవుకన్నా కాస్త ఎక్కువ, మందపాటి ఇనుప పట్టీ. ఏది తిన్నగా ఉంది, ఏది లేదు అన్న తగువు షెడ్డులో ఎప్పుడొచ్చినా తీర్పు దానిదే. మేస్త్రి దాన్ని కిందికి దించి, గుడ్డ విప్పి, మళ్ళీ చుట్టి, అప్పుడు ఇచ్చాడు.

"ఈ బల్ల మీద నిలబెట్టి, వెనకనుంచి టార్చి కొట్టి, వెలుతురు కనబడ్డ చోటల్లా ఆకురాయి పెట్టి రాకాను. ఎన్నాళ్ళు పట్టిందో నాకే తెలీదు. ఇప్పుడు వెంట్రుకంత వెలుతురు కూడా దూరదు. కింద పడేశావో, నిన్ను దాంతోనే కొడతా."

"పడెయ్యనండీ."

"ప్లేటు మందంది తీసుకో," అన్నాడు ఆమె గుమ్మం దాటుతుంటే. సాయం చేసినట్టు కనబడకూడదని వెంటనే ఉమ్మేసి అటు తిరిగాడు.

*

పాత ఇనుము యార్డు నడిపేది పిన్ని. ఎవరికి పిన్నో ఎవరికీ తెలియదు, అందరికీ పిన్నే. కారు లేని ఒక కారు సీటులో కూర్చుని, ఎదురుగా కొండలా పడున్న తుక్కును తన తోటలా చూసుకుంటూ టీ తాగుతుంటుంది.

"టేబులు పైకి ప్లేటు కావాలి పిన్నీ. వెల్డింగు చేసుకునే టేబులు."

"ఇంత దూరం నడిచొచ్చావ్, మంచిదే చూపిస్తాగా." సీటులోంచి లేవకుండానే గరిటెతో చూపించినట్టు చెంచాతో చూపించింది. "అదిగో, ఆ తెల్లగా మెరుస్తుందే. తుప్పు పట్టదు, జన్మకో టేబులు."

"అది జింకు పూత. దాని మీద మంట పెడితే తెల్లపొగ లేస్తుంది. అది పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం."

"ఎండాకాలం వాడుకో మరి. చల్లగా ఉంటది."

"పిన్నీ!"

"సరే, దాని పక్కది. గీతలు గీతలుగా పొంగుందే, చెకర్ ప్లేటు. కాలు జారదు."

"నేను దాని మీద డాన్సు కట్టను. పని పెట్టి కొలవాలి."

"స్టీలుంది. ఆసుపత్రి సింకులోది. ముఖం చూసుకోవచ్చు."

"వేడి తగిలితే మామూలు ఇనుము కంటే దానికే కోపమెక్కువ. వంకర తిరిగి కూర్చుంటుంది. పైగా నాకు నా ముఖం చూసుకునేంత తీరిక లేదు."

పిన్ని చెంచా గ్లాసులో వేసి, ఈసారి లేచింది. కొనేవాళ్ళు తిరగ్గొట్టే కొద్దీ ఆమెకి హుషారు. పలచటి రేకుల దొంతర చూపించింది. అవి నాలుగు టాకాలకే, అంటే నాలుగు వెల్డు చుక్కలకే, ఎండలో వేసిన అట్టముక్కలా లేస్తాయని టేపమ్మ ముట్టుకోలేదు. తర్వాత ఏదో పెద్ద మిషను కింది భాగం చూపించింది. బీడుది, అంటే పోత ఇనుముది, పైన నున్నగా చెక్కి ఉంది. దీని దగ్గర మాత్రం టేపమ్మ ఆగిపోయింది. బీడు మీద చిందిన నిప్పుబొట్లు అంటుకోవు. చీపురుతో ఊడ్చేయచ్చు. కానీ పని కదలకుండా ఉండటానికి బల్లకే ఒక ముక్క టాకా వేసి నిలబెట్టుకోవాల్సి వస్తుంది చూడండి, అది బీడుతో కుదరదు. వేసినచోట పగులుతుంది. మామూలు మెత్త ఇనుము, ఎంఎస్ ప్లేటైతే వేసి, పనయ్యాక కోసి, గ్రైండరుతో సాపు చేసుకోవచ్చు. ఎన్ని గాయాలైనా పడుతుంది.

అయినా ఆశ చావక బీడు మీద బద్ద నిలబెట్టి, వంగి, అవతల టార్చి పెట్టింది. మధ్యలో సన్నటి వెలుతురు.

"ఇది మధ్యలో గుంట," అంది.

"మిషను మీద చెక్కింది గుంటేంటే?"

"బద్ద చెబుతోంది మరి."

ఇక ఎంఎస్ ప్లేట్లకే వచ్చింది. వేలి మందానివి, గ్యాసుతో కోసినవి, నల్లటి పొరతో ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి ఉన్నాయి. ఒక్కొక్కటీ ఇద్దరూ కలిసి పడుకోబెట్టారు. బద్ద పెట్టింది, టార్చి పెట్టింది. మధ్యలో వెలుతురు. ఇంకోటి. మధ్యలో వెలుతురు. ఒకటి చాలా బాగుంది, అంచులు కూడా శుభ్రంగా ఉన్నాయి. దానికీ మధ్యలో అదే సన్నటి గీత.

పిన్ని నడుం మీద చెయ్యేసుకుంది. "నా యార్డులో ఇనుమంతా కూడబలుక్కుని ఒకేసారి గుంట పడిందంటావా? నేను నిద్రపోయినప్పుడు ఏనుగులేమైనా నడిచాయా?"

ఈ ప్రశ్న దగ్గరే ఆగి ఆలోచించాల్సింది. ఆ తర్వాత చాలాసార్లు టేపమ్మ తనని తాను అదే అనుకుంది. కానీ చేతిలో ఉన్నది మేస్త్రి బద్ద. షెడ్డులో అందరి వంకరలూ తేల్చిన బద్ద. దాన్ని అనుమానించడం ఆమెకి తట్టనే లేదు.

కంచె పక్కన మట్టిలో సగం కూరుకుపోయిన ఒక ప్లేటు ఉంది. లాగి, చీపురుతో దులిపి, బద్ద పెట్టింది. వంగి చూసింది. చీకటి. కొంచెం జరిపి చూసింది. చీకటి. ఈ కొస నుంచి ఆ కొసకి ఒక్క చుక్క వెలుతురు లేదు.

"ఇదే," అంది, పట్టనట్టు చేతులు దులుపుకుంటూ. పిన్ని ముందు సంబరపడితే బేరం ఆగదు.

"అదేదో మిషను మూత. కింద చూడు, పాత వెల్డు మచ్చలు ఎలా ఉన్నాయో."

"కింద నాకెందుకు పిన్నీ. పని చేసేది పైన."

*

"ఎవరింటి తలుపు పీక్కొచ్చావే?" అంది నాయనమ్మ, బండి మీంచి ప్లేటు దించుతుంటే.

"మనింటికే. కొత్త తలుపు."

"దీన్ని తియ్యాలంటే నేను మళ్ళీ పుట్టాలి."

వెనక వరండాలో టేపమ్మ అప్పటికే కాళ్ళు సిద్ధం చేసి పెట్టింది. లావుపాటి పైపులు, కింద బోల్టులు. నేల ఎలా ఉన్నా తిప్పి సరిచేసుకోవచ్చు. బండివాడూ ఆమే కలిసి ప్లేటును పైకెత్తి పెట్టారు. నిలబడి పని చేసే బల్ల. ఆమె అరచేయి దాని మీద ఆనించి కాసేపు అలాగే నిలబడింది. మోకాళ్ళు ముడుచుకోకుండా వెల్డింగు చేయడం ఎలా ఉంటుందో ఆమెకి బడిలో తప్ప తెలియదు.

బిగించే ముందు దారం కట్టింది. అవసరమని కాదు, అలవాటు. నేల మీద పని చేసేటప్పుడు ఆమె నేలని ఎప్పుడూ నమ్మలేదు. ఇటుకల మీద పైపులు పెట్టి, నైలాను దారం లాగి, దారానికి సమంగా వచ్చేదాకా కింద రేకుముక్కలు దోపేది. మేస్త్రి అది చూసి, 'ఫ్రేము చేస్తున్నావా, ఉయ్యాల కడుతున్నావా' అనేవాడు.

ప్లేటు రెండు కొసల్లో ఒకేలాంటి నట్టులు పెట్టి, వాటి మీదుగా దారం లాగి, అటూ ఇటూ ఇటుకలు వేలాడేసింది. దారం మీటితే పాడేంత బిగువు. ఇప్పుడు అలాంటిదే ఇంకో నట్టును మధ్యలో దారం కిందికి తోస్తే, ఊరికే రాసుకుని వెళ్ళిపోవాలి.

వెళ్ళలేదు. నట్టు దారాన్ని ఎత్తి పట్టుకుంది.

నట్టు మార్చింది. అదే. దారం మార్చింది. అదే. ప్లేటును అడ్డంగా కాక మూల నుంచి మూలకి చూసింది. ఎటు చూసినా నడిమధ్య పొట్ట ఉంది. ప్లేటు చిన్న కొండలా ఉబ్బి ఉంది.

"అన్నం తినవే," అంది నాయనమ్మ.

"ప్లేటుకి పొట్టొచ్చింది నాయనమ్మా."

"దానికైనా వచ్చింది. నీకు రాదు."

బద్ద తీసి మళ్ళీ పెట్టింది. వెలుతురు దూరలేదు. దారమేమో పొట్ట అంటోంది, బద్దేమో తిన్నగా ఉందంటోంది. ఇద్దరు సాక్షులు, ఒక్కడే ముద్దాయి. ఆమె గడప మీద కూర్చుని రెండు ముద్దలు తిని, మూడో ముద్ద చేతిలో ఉండగానే లేచింది.

బద్దను ప్లేటు మీద పడుకోబెట్టి, ఆ అంచు వెంట మేకుతో గీత గీసింది. తర్వాత బద్దను అటునుంచి ఇటు తిరగేసి, అదే అంచును గీతకి అవతలి వైపు నుంచి తెచ్చి, రెండు కొసలూ కలిపి, మళ్ళీ గీసింది. బద్ద తిన్నగా ఉంటే రెండో గీత మొదటిదాని మీదే పడాలి.

బద్ద ఎత్తింది. రెండు గీతలూ కొసల దగ్గర కలుసుకుని, మధ్యలో విడిపోయాయి. నల్లటి ప్లేటు మీద సన్నగా, పొడుగ్గా ఒక కన్ను తెరుచుకుంది.

ఎంగిలి చెయ్యి ఎండిపోతున్నా ఆమె ఆ కన్ను వైపే చూస్తూ ఉండిపోయింది. బద్ద మధ్యలో లోపలికి అరిగి ఉంది. ఉబ్బిన ఇనుము దొరికితేనే అది వెలుతురు లేకుండా అతుక్కుంటుంది. యార్డులో గుంట పడినవన్నీ గుంటలు కావు. ఆ బీడు, ఆ మంచి అంచుల ప్లేటు, అన్నీ తిన్నగానే ఉన్నాయి. ఏరి ఏరి, మొత్తం యార్డులోకి వంకరదాన్ని ఇంటికి తెచ్చుకుంది.

ఇక బద్ద అలా ఎందుకైంది? వంగి ప్లేటు కిందికి చూసింది. పిన్ని చెప్పిన పాత వెల్డు మచ్చలు, ఈ చివరి నుంచి ఆ చివరికి బారులు బారులుగా. వెల్డు చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, తనతో పాటు ఇనుమునీ లాక్కుంటుంది. కిందివైపంతా అలా లాగితే పైవైపు ఉబ్బక ఏం చేస్తుంది? ఇది బడిలో మొదటి నెలలోనే చెప్పారు. ఆమె పరీక్షలో రాసింది కూడా.

మేస్త్రి బల్ల కింద కూడా ఇలాంటి వెల్డే. ఆ చివరి నుంచి ఈ చివరికి, ఎక్కడా ఆపకుండా. షెడ్డుకి ఎవరొచ్చినా ఆయన టార్చి కొట్టి మరీ చూపిస్తాడు. బల్ల ఉబ్బింది. బల్లకి ఆనించి రాకిన బద్ద ఆ ఉబ్బును నేర్చుకుంది. బద్ద బల్లకి సాక్షి, బల్ల బద్దకి సాక్షి. మధ్యలో ఆమె ఫ్రేములు టక్ టక్ అన్నాయి, తిన్నగా ఉన్నందుకు.

సంతోషించాల్సిన సమయమే. ఒళ్ళు మండిపోయింది. మేస్త్రి మీద కాదు, పూర్తిగా కాదు. నేల మీద చేస్తే ఇంతే అని ఆయన అన్నప్పుడు, అవునేమో అని లోలోపల నమ్మేసిన తన మీద.

*

"అమ్మిన ఇనుము వెనక్కి తీసుకునే పిన్ని వేరే ఊళ్ళో ఉంటది," అంది పిన్ని.

"మార్చమంటున్నా, వెనక్కి తీసుకోమనట్లేదు. ఆ మంచి అంచులది ఇవ్వు."

"గుంట అన్నావుగా దాన్ని? నా ఇనుమును పేరు పెట్టి తిట్టావుగా?"

"తప్పు నాది. నీ ఇనుము బంగారం."

"మళ్ళీ అను."

"నీ యార్డులో ఏనుగులు నడవలేదు. నీ గేటు కీలు ఊడి వేలాడుతోంది, అది కూడా ఇవాళే అతికిస్తా."

పిన్ని ఆలోచించినట్టు నటించి, చెంచాతో సరే అంది.

ఈసారి టేపమ్మ జేబులోంచి దారం, నట్టులు తీసింది. మంచి అంచుల ప్లేటు మీద మూడో నట్టు దారాన్ని రాసుకుంటూ, దారం వణికీ వణక్కుండా, జారిపోయింది. పొడవునా అంతే, మూలల మీదా అంతే. పిన్ని కూడా వంగి, తన చేత్తో ఒకసారి జరిపి చూసుకుంది. "ఇదేదో ఆటలా ఉందే," అని ఇంకోసారి జరిపింది.

ఇంటికి తెచ్చాక ప్లేటును కాళ్ళకి వెల్డుతో అతికించలేదు. మూలల్లో బోల్టులు వేసి, చేత్తో బిగించినంతే బిగించింది. ఒక అంచున నల్లపొరను గ్రైండరుతో మెరిసేదాకా గీకింది, ఎర్తు క్లాంపు పట్టడానికి. ఆ పొర మీద పెడితే కరెంటు సరిగా పారదు, రాడ్డు చిటపటలాడి ఊరుకుంటుంది. ఆ తర్వాత పైపులు కోసి, మూలమట్టం పెట్టి, టాకాలు వేసింది. ఒక మూల వేశాక దాని ఎదురు మూలకి వెళ్ళింది, అక్కడి నుంచి ఇటు. వేడి ఒకచోటే పోగవకుండా. నిలబడే చేసింది. మధ్యలో అలవాటు కొద్దీ గొంతుకూర్చోబోయి, బల్ల లేదనుకున్న మోకాళ్ళని చూసి తనే నవ్వుకుంది.

సోమవారం పొద్దున ఆ స్టాండును భుజాన పెట్టుకుని షెడ్డులోకి నడిచింది.

*

బాబాయి దాన్ని మేస్త్రి బల్ల మీద బోర్లించి, కొసన నొక్కాడు.

టక్.

"అయ్యో," అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు.

"స్టాండు కాదు బాబాయ్. బల్ల."

మేస్త్రి చేతిలో ఉన్న సుత్తిని మెల్లగా పక్కన పెట్టాడు. సుత్తి పట్టుకుని ఉన్నా ఇంత భయమేసేది కాదు.

"ఏంటీ?"

"బల్లకి మధ్యలో పొట్టుందండీ. దారం పెట్టి చూపిస్తా."

"దారం సాగుద్ది. ఇనుము సాగదు. ఈ బల్ల మీద నేను చేసిన గేట్లు ఈ వీధిలో ఎన్నున్నాయో చూసిరా. ఒక్కటి ఊడిందా?"

"ఊడలేదండీ. గేటుకి ఈ మాత్రం పొట్ట తెలీదు."

మేస్త్రి ఏదో అనబోయాడు కానీ, అప్పుడే చేపల కొట్టాయన ఖాళీ గాజు తొట్టిని పసిపిల్లలా ఎత్తుకుని వచ్చాడు. "ఏదీ, నా స్టాండేదీ?"

రెండు స్టాండులూ పక్కపక్కనే పెట్టారు. ముందు మేస్త్రి తన బల్ల మీద చేసినది. తొట్టి పెట్టారు. చేపలాయన జేబులోంచి తన కొట్టు కార్డు తీసి, తొట్టికీ స్టాండుకీ మధ్య దూర్చి చూశాడు. కొసల్లో దూరలేదు. నడిమధ్య సర్రున అటువైపు వచ్చేసింది. తర్వాత ఆమెది. కార్డు ఎక్కడా దూరలేదు. కార్డు మూలే మడతపడింది.

టేపమ్మ బాబాయి ముఖం చూసింది. మేస్త్రి మాత్రం వంగి, మోకాలి మీద చెయ్యేసుకుని, తన స్టాండు మీది ఆ సందును చూస్తున్నాడు.

"తొట్టి కింద మెత్తటి ఫోమ్ వేస్తారుగా?" అన్నాడు బాబాయి, గబగబా.

"వేస్తాం. ఫోమ్ లేకుండా ఎవరు పెడతారు?"

"అయితే గొడవే లేదు. ఇంతోటి సందు ఫోమ్ తాగేస్తుంది."

చేపలాయన రెండింటినీ చూసి భుజాలు ఎగరేశాడు. ఆయనకి స్టాండులు ఈ వారం కావాలి, న్యాయం ఎప్పుడొచ్చినా పర్లేదు. "ఏదో ఒకటి. త్వరగా ఇవ్వండి," అని తొట్టిని మళ్ళీ చంకనెత్తుకున్నాడు.

ఆయన వెళ్ళాక బాబాయి ఆమె వైపు తిరిగాడు. "నువ్వు బాగానే చేశావమ్మా. కాదన్లేదు. కానీ మేస్త్రి ఇన్నేళ్ళ మనిషి. రేపు ఆయన అలిగి పక్క షెడ్డుకి పోతే నేనేం కావాలి? కొన్నాళ్ళు పెయింటు చెయ్యి. తర్వాత చూద్దాం."

"స్టాండు ఆడితే కదా బ్రష్షు అన్నాను. ఆడలేదు."

"మన బల్ల మీద ఆడిందిగా."

ఈ మాటకి ఆమె దగ్గర జవాబు ఉంది. కార్డు రూపంలో ఉంది, దారం రూపంలో ఉంది. వినే మనిషి లేడు. ఆమె బద్దకి గుడ్డ చుట్టి మేస్త్రికి అందించింది.

"పడెయ్యలేదండీ," అంది. "ఒక్కసారి దాంతో గీత గీసి, తిరగేసి, అదే అంచుతో మళ్ళీ గియ్యండి. నా ముందు కాదు. మీకు వీలున్నప్పుడు."

మేస్త్రి బద్ద తీసుకుని గోడకి తగిలించాడు. ఆమె పెయింటు డబ్బా మూత తీసి, కర్రతో కలపడం మొదలుపెట్టింది. మానేసి వెళ్ళిపోవడం తేలిక. వెళ్ళిపోతే రేపటి నుంచి షెడ్డులో ఈ కథ ఇంకోలా చెప్పుకుంటారు, వంకర ఫ్రేముల పిల్ల అలిగి పోయింది అని. ఆమె మేస్త్రి స్టాండుకే ముందు రంగు వేసింది. కారకుండా వేసింది. వేస్తూ, "బాబాయ్, సాయంత్రాలు మా ఇంటి బల్ల మీద నేను బయట పని పట్టుకుంటా. ఇప్పుడే చెబుతున్నా," అంది, తల ఎత్తకుండా. బాబాయి విననట్టు ఫోను తీశాడు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి లేచినా మేస్త్రి లేవలేదు. పెయింటు మూల నుంచి చూస్తే ఆయన వీపు మాత్రమే కనబడుతోంది. ఒక రేకుముక్క మీదికి వంగి ఉన్నాడు. మేకు ఇనుము మీద గీసిన చప్పుడు వచ్చింది. కాసేపు ఆగి, మళ్ళీ వచ్చింది. ఆమె బ్రష్షును డబ్బా అంచుకి ఒత్తి, ఒక పైపు చుట్టూ తిప్పి, ఇంకో పైపుకి వెళ్ళింది. ఆ రేకుముక్కను ఆయన గ్రైండరుతో గీకేయడం వినబడింది.

*

మర్నాడు ఆమె వచ్చేసరికి మేస్త్రి బల్ల కింద ఉన్నాడు. కాళ్ళు మాత్రం బయట ఉన్నాయి, చెప్పులతో సహా. టార్చి వెలుతురు కింద అటూ ఇటూ తిరుగుతోంది.

"ఎవరదీ?"

"నేనేనండీ."

"దారం తెచ్చావా?"

ఆమె జేబు తడుముకుంది. "ఎప్పుడూ ఉంటుంది."

ఆయన పాకుతూ బయటికొచ్చాడు. లేవడానికి మోకాలు ఒప్పుకోలేదు. ఆమె చెయ్యి ఇచ్చింది. ఆయన బల్ల కాలు పట్టుకుని లేచాడు. "ఆ కొస నువ్వు పట్టు," అన్నాడు.

ఇద్దరూ చెరో కొసా పట్టుకుని బల్ల మీద దారం లాగారు. నట్టులు పెట్టారు. మూడో నట్టు మధ్యలోకి తోసింది ఆయనే. దారం లేచింది. ఆయన నట్టు వెనక్కి తీసి, చొక్కాకి తుడిచి, మళ్ళీ తోశాడు. లేచింది. ఇంకొంచెం ఇటు. అక్కడా లేచింది.

"ఎంత కలిపి వేశానో తెలుసా ఆ వెల్డు," అన్నాడు చివరికి. "ఒక్క చోట ఆపలేదు. గట్టిగా ఉండాలని."

"గట్టిగానే ఉందండీ."

"ఊరుకో." దారం మీద వేలు పెట్టి, "నీ బల్లకి ఎలా వేశావ్?" అన్నాడు.

"వెయ్యలేదు. బోల్టులు."

ఆయన ఆ మాటను నమిలి మింగినట్టు దవడ ఆడించాడు. గోడ దగ్గరికెళ్ళి చిన్న గ్రైండరు తీసి, పలచటి కటింగు బిళ్ళ బిగించి, వైరు చిక్కు తీసి, తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"నా మోకాలు కింద అంతసేపు ఉండనివ్వదు. మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి రా. వెల్డు మాత్రమే కొయ్యి, ప్లేటు జోలికి పోకు. నేను పైన దారం చూస్తుంటా. ఆగమంటే ఆగు."

"మీ వెల్డేనా కొయ్యమంటున్నారు?"

"మరి నీదుందా అక్కడ?"

ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని, బల్ల కింద వెల్లకిలా పడుకుంది. దగ్గర నుంచి చూస్తే ఆ వెల్డు నిజంగానే అందంగా ఉంది. పొలుసు మీద పొలుసు పేర్చినట్టు, ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకే ఊపిరి. బిళ్ళ ఆనించడానికి ఒక్క క్షణం చెయ్యి రాలేదు. తర్వాత ఆనించింది. నిప్పురవ్వలు ఆమె భుజాల మీదుగా నేల మీదికి పారాయి.

బాబాయి వచ్చింది ఆ చప్పుడులోనే. గుమ్మంలో ఆగి, బల్ల మీద దారాన్ని, దాని మీదికి వంగిన మేస్త్రిని, కింద నుంచి వస్తున్న రవ్వలను చూశాడు. "ఏం జరుగుతోందిక్కడ?" అని అరిచాడు.

మేస్త్రి చెయ్యెత్తాడు. కింద గ్రైండరు ఆగింది.

"బల్ల సరిచేస్తున్నాం," అన్నాడు మేస్త్రి, దారం మీంచి కళ్ళు తీయకుండా.

"ఇవాళ స్టాండుకి రెండో కోటు వెయ్యాలి! పెయింటు ఎవరు వేస్తారు?"

"బయట ఎవరినైనా చూసుకోండి. ఈ పిల్లకి ఖాళీ లేదు."

బాబాయి ఫోను తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. మేస్త్రి అరికాలితో బల్ల కాలిని రెండుసార్లు తట్టాడు. బిళ్ళ మళ్ళీ తిరిగింది. ఒక చోట వెల్డు పూర్తిగా తెగగానే ఇనుము 'టంగ్'మని, ఇన్నేళ్ళు బిగబట్టింది వదిలేసినట్టు అదిరింది. ఆ అదురు ఆమె వీపు కింది నేలలోకి దిగింది.

ఆమె గ్రైండరు ఆపింది. పైన నట్టు జరిగిన చప్పుడు వినబడింది.

"కొంచెం దిగింది," అన్నాడు మేస్త్రి. "ఇంకోటి కొయ్యి."